క్యాట్ 6 అని రాసి ఉన్నంత మాత్రాన రాగి తీగ అనుకోకండి

ఆఫీసుకి కొత్తగా నెట్‌వర్క్ కేబుల్ (ఎక్కువగా వేసేది క్యాట్ 6 అనే రకం) వేయించుకోబోతున్నవాళ్లు డబ్బులిచ్చే ముందు ఇది చదవండి.

మాది పదిమందిమి పనిచేసే చిన్న ఆఫీసు. వేరే గదుల్లోకి మారినప్పుడు కేబులింగ్ పని ఒకాయనకి అప్పగించాం. చకచకా అయిపోయింది, చూడ్డానికీ బాగుంది. నెల తిరక్కుండానే గోల మొదలైంది. వీడియో కాల్ మధ్యలో మాట ఆగిపోతుంది, ఫైలు సగం ఎక్కి నిలిచిపోతుంది, ఐదు నిమిషాలయ్యాక ఏమీ ఎరగనట్టు నెట్ మళ్లీ వస్తుంది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే మా వైపు అంతా బాగానే ఉందన్నారు. ఎప్పుడూ చెప్పే మాటే కదా అని నమ్మలేదు. ఈసారి మాత్రం పాపం, నిజమే చెప్పారు.

కేబుల్ వేసినాయన వచ్చి రౌటర్ చాలట్లేదన్నాడు. ఆయన దగ్గరే కొత్తది కొన్నాం. తర్వాత స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) మార్చాలన్నాడు. అదీ ఆయన దగ్గరే కొన్నాం. అయినా నెట్ పోవడం మాత్రం పోలేదు.

చివరికి అకౌంట్స్ చూసే అమ్మాయి అడిగింది: "వైఫై వాడేవాళ్లకి బాగానే వస్తోంది, కేబుల్ ఉన్నవాళ్లకే ఎందుకు పోతోంది?" నాలుగు నెలలుగా ఈ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు!

అప్పుడు ఒక కంప్యూటర్‌లో రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్‌కి (మాది 192.168.1.1), రెండోదాంట్లో 8.8.8.8కి (బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టాం, అంటే అందుతోందా అని చిన్న సందేశం పదే పదే పంపడం. రౌటర్‌ది సరిగ్గా వస్తూ బయటిది మాత్రమే తప్పిపోతుంటే తప్పు రౌటర్‌లోనో ఆఫీసు బయటో ఉన్నట్టు. మాకు పక్క గదిలో ఉన్న రౌటర్ దాకానే అందట్లేదు. కంప్యూటర్‌కీ స్విచ్‌కీ మధ్య లింక్ స్పీడ్ చూస్తే 1000 ఎంబీపీఎస్ (దీన్నే గిగాబిట్ అంటారు) ఉండాల్సిన చోట 100 ఉంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు. అదే కంప్యూటర్‌ని స్విచ్ పక్కకి తెచ్చి పొట్టి ప్యాచ్ కార్డ్‌తో (రెండు చివరలా ప్లగ్గులున్న రెడీమేడ్ కేబుల్) కలిపితే వెంటనే 1000 వచ్చింది. ఇక మిగిలింది గోడలో ఉన్న కేబులే.

గోడ మీద జాక్ విప్పగానే ఒక తీగ చేతిలోకి ఊడొచ్చింది. బ్లేడుతో గీకి చూస్తే పైన రాగి రంగు, లోపల తెల్లగా వెండిలా ఉంది. అల్యూమినియం తీగకి రాగి పూత పూసింది. దీన్నే సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అంటారు. రాగి కంటే రెసిస్టెన్స్ ఎక్కువ, వంపుల దగ్గరా జాకుల దగ్గరా తేలిగ్గా విరుగుతుంది. కెమెరాలకి ఆ కేబుల్‌లోనే కరెంటు పంపితే ఎక్కువ వేడెక్కుతుంది కూడా. క్యాట్ 6 ప్రమాణం ప్రకారం తీగ రాగిదే అయి ఉండాలి. అంటే పైన ఏం అచ్చు వేసినా అది క్యాట్ 6 కాదు.

అడిగితే ఆయన తడుముకోకుండా, "బిల్లులో రాగి అని ఎక్కడైనా రాశానా?" అన్నాడు. వెతికాం. లేదు.

అందుకే బిల్లులో "సాలిడ్ కాపర్" అన్న మాట రాయించుకోండి. కేబుల్ లాగే ముందే బాక్స్ నుంచి చిన్న ముక్క కోయించి మీరే గీకి చూడండి. బాక్స్ ఎత్తి చూసినా కొంత తెలుస్తుంది, రాగి అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు. పని అయ్యాక లైట్లు వెలిగే చిన్న టెస్టర్ చూపించి అంతా ఓకే అంటే ఒప్పుకోకండి. తీగ తెగిందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది, మాకూ ఆరోజు అన్ని లైట్లూ వెలిగాయి. ప్రతి పాయింట్ దగ్గరా కంప్యూటర్ పెట్టి 1000 వస్తోందో లేదో చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.

మేం వేరేవాళ్లతో కేబుల్ మొత్తం మళ్లీ వేయించాం. ఆ తర్వాత అనుమానం వచ్చి, మూలన పడేసిన పాత రౌటర్‌నీ పాత స్విచ్‌నీ తెచ్చి పెట్టి చూశాం. రెండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి.