బ్యాటరీ హ్యామర్ డ్రిల్లా, వైరు డ్రిల్లా: ఏది మేలు?

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింటికి కొత్త టీవీ వచ్చినా, దాని వెనకాలే నాకో ఫోన్ వస్తుంది. "మీ డ్రిల్ ఒకసారి ఇస్తారా?" అన్నది మొదటి ప్రశ్న. తిరిగిచ్చేటప్పుడు రెండోది: "నేనూ ఒకటి కొందామనుకుంటున్నానండీ, బ్యాటరీది మేలా, వైరుదా?" పదకొండేళ్లు వైరు డ్రిల్ వాడి, నిరుడు 18 వోల్టుల బ్యాటరీ హ్యామర్ డ్రిల్ కొన్నాను కాబట్టి నాకు రెండూ తెలుసని వాళ్ల నమ్మకం. మెట్ల దగ్గర నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. అందుకని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నా వైరుదీ హ్యామర్ డ్రిల్లే, అంటే తిరుగుతూనే గోడను కొట్టేది. కొట్టే పద్ధతిలో ఈ రెంటికీ తేడా ఏమీ లేదు. లోపల పళ్ల చక్రాలు రెండు ఉంటాయి. అవి ఒకదాని మీద ఒకటి గరగరమని ఎక్కి దిగుతుంటే కన్నం చేసే పుల్ల, అంటే బిట్టు, ముందుకూ వెనక్కూ అదురుతుంది. నిమిషానికి వేల దెబ్బలు పడతాయి గానీ ఒక్కొక్కటీ చిన్న దెబ్బే. మీరు వెనక నుంచి నొక్కితేనే అవి గోడకు అందుతాయి. వైరు డ్రిల్ మామూలుగా ఎక్కువ స్పీడుతో తిరుగుతుంది కాబట్టి కాంక్రీటులో కాస్త ముందుంటుంది. ఇక డబ్బా మీద "20 వోల్టులు" అని చూసి 18 కన్నా పెద్దదనుకోకండి. రెండింటిలోనూ అవే ఐదు సెల్స్. ఫుల్ ఛార్జ్‌లో లెక్కేస్తే 20, పని చేసేటప్పుడు లెక్కేస్తే 18.

అసలు గోడ ఏదో తెలియకుండా ఏ డ్రిల్ మేలో చెప్పలేం. ఎర్ర ఇటుక గోడైతే రెండూ వెన్నలో దిగినట్టు దిగుతాయి. ఈ మధ్య కట్టిన వాటిలో ఎక్కువగా కనిపించే లైట్ వెయిట్ బ్రిక్ అయితే హ్యామర్ ఆపేసి ఉత్త డ్రిల్ మోడ్‌లోనే కొట్టాలి. లేకపోతే 8 ఎంఎం కన్నం కాస్తా వెడల్పై, స్క్రూ కోసం దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు అందులో గిరగిరా తిరుగుతుంది. హైదరాబాద్ పెద్ద టవర్లలో అల్యూమినియం ఫ్రేముల మధ్య పోసిన మైవాన్ గోడలు పూర్తిగా కాంక్రీటే. అక్కడ బ్యాటరీ డ్రిల్ ఒక్కో కన్నానికి మన ఓపికను పరీక్షిస్తుంది.

గోడ ఏదో పొడి రంగు చెప్పేస్తుంది. ఎర్రపొడి వస్తే ఇటుక, తెల్లగా మెత్తగా రాలితే లైట్ వెయిట్, బూడిద రంగులో వస్తూ బిట్టు మొరాయిస్తే కాంక్రీటు. కాకపోతే మొదట వచ్చేది పుట్టీ, ఆ తర్వాత అర అంగుళం దాకా ప్లాస్టరింగ్ సిమెంటు. అవి దాటాక వచ్చే పొడినే చూడాలి. చాలామంది మొదటి పొడి చూసి "మాది కాంక్రీట్ గోడండీ" అంటారు.

ఇటుక గోడల ఇల్లే అయినా కర్టెన్ రాడ్ దగ్గర మాత్రం కాంక్రీటు తప్పదు. కిటికీ పైన ఉండేది లింటెల్ అనే కాంక్రీటు దూలం, అది కిటికీకి అటూ ఇటూ గోడలోకి కొంత దూరం పోయి కూర్చుంటుంది. రాడ్ బ్రాకెట్లు సరిగ్గా అక్కడే బిగిస్తాం. హాల్లో ఫొటోకు అర నిమిషంలో దిగిన డ్రిల్ కిటికీ దగ్గర ఐదు నిమిషాలు ఏడిస్తే డ్రిల్ పాడైందని కంగారు పడొద్దు. రెండో గేరులో పెట్టి, నొక్కుతూ, మధ్యమధ్యలో బిట్టు బయటికి లాగి పొడి రానిచ్చి, చల్లారనివ్వాలి. బిట్టు కొన నీలంగా మారితే దాని పని అయిపోయినట్టే. లోపల ఇనుప చువ్వ తగిలి టింగుమని ఆగిపోతే పంతానికి పోకుండా ఓ రెండంగుళాలు పక్కకు జరగండి.

ఇంతవరకూ చూస్తే వైరుదే మేలనిపిస్తుంది. ధర తక్కువ, స్పీడు ఎక్కువ, ఛార్జింగ్ గొడవ లేదు. అయినా నేను బ్యాటరీది కొనడానికి కారణం ఒక్కటే. కరెంటు మెయిన్ ఆపేసి పని చేసుకోవచ్చు.

పాత డ్రిల్‌తో మా అత్తగారింట్లో స్విచ్‌బోర్డుకు జానెడు పైన దేవుడి పటానికి మేకు బదులు స్క్రూ వేద్దామని కొట్టాను. పైపు, దానిలోని ఫేజ్ వైరు, రెండూ తెగాయి. చిటపటమని మెరుపు, ఇల్లంతా చీకటి. ఎంసీబీ (తేడా వస్తే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) పడిపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. అప్పటిదాకా నా ధీమా ఏమిటంటే డ్రిల్‌కు డబుల్ ఇన్సులేషన్ ఉంది, రెండు పిన్నుల ప్లగ్గే వాడమంటున్నారు, ఇక షాక్ ఎలా కొడుతుంది అని. ఆ ఇన్సులేషన్ డ్రిల్ లోపల జరిగే లోపానికి కాపలా. గోడలో ఉన్న వైరును బిట్టు తాకితే బిట్టుకూ, దాన్ని పట్టి ఉంచే చక్‌కూ కరెంటు వస్తుంది. ఆ క్షణంలో రెండో చెయ్యి చక్ మీద ఉందా, ప్లాస్టిక్ పిడి మీద ఉందా అన్నదే లెక్క. అది బ్యాటరీ డ్రిల్‌కూ వర్తిస్తుంది, మెయిన్ ఆపకుండా వాడితే.

వైర్లు మామూలుగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకి, శ్లాబ్ దాకా పోతాయి. అందుకే బోర్డుకు సరిగ్గా పైనా కిందా, ఏసీ పాయింట్ వరుసలో, కన్నం పెట్టొద్దంటారు. కానీ పైపు మిగుల్తుందని అడ్డంగా, ఏటవాలుగా గాడి కొట్టేసిన ఎలక్ట్రీషియన్లు ఎంతమంది లేరు! గోడ లోపల ఏముందో ఊహించే బదులు కరెంటు ఆపేయడం సుఖం. వైరు డ్రిల్‌తోనూ ఆ గది ఎంసీబీ మాత్రం ఆపి, పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ లాక్కోవచ్చు. అయితే మన డీబీల్లో, అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టెల్లో, ఏ ఎంసీబీ ఏ గదిదో రాసి ఉన్న ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని లైట్ల, ఫ్యాన్ల లైనుకు తన కరెంటు పంపిస్తుంది. గోడలో ఆ వైరు బతికే ఉంటుంది. పోనీ ఇన్వర్టర్ స్విచ్ ఒక్కటే ఆపితే, చాలా ఇన్వర్టర్లలో మెయిన్ కరెంటు నేరుగా దాటిపోతుంది. రెండూ ఆపాలి. ఆపి, స్విచ్‌బోర్డులో టెస్టర్ పెట్టి చూసుకోవాలి. పగటిపూట పెట్టుకుంటే వెలుతురు చింత ఉండదు. పని అయ్యాక మెయిన్ వేయగానే ఎంసీబీ పడిపోతే, మళ్లీ మళ్లీ ఎత్తకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీరు వైరును గీరేశారన్నమాట.

నీళ్ల పైపులకు ఈ ఉపాయం పనిచేయదు. బాత్రూంలో కుళాయిలకు, గీజర్‌కు నిలువు వరుసలో అసలు కొట్టొద్దు, టెర్రస్ మీద వాల్వ్ ఎక్కడుందో ముందే చూసుకోండి. టైల్ మీద హ్యామర్ వేస్తే టైల్ పగులుతుంది. టైల్ దాటేదాకా మామూలు డ్రిల్ మోడ్, టైల్ బిట్టు, మెల్లటి స్పీడు.

చేతి మణికట్టు విషయంలో మాత్రం బ్యాటరీ డ్రిల్ సాధువేమీ కాదు. కాలర్ మీద అంకెలున్న క్లచ్ (బిగువు ఎక్కువైతే బిట్టును తిప్పడం ఆపే భాగం) స్క్రూలు బిగించేటప్పుడే జారుతుంది. డ్రిల్, హ్యామర్ గుర్తుల మీద పెడితే అది పనిచేయదు. బిట్టు చువ్వకు చిక్కుకుంటే డ్రిల్ మొత్తం మీ చేతిలో తిరుగుతుంది, మొదటి గేరులో అయితే ఇంకా గట్టిగా. డబ్బాలో వచ్చే పక్క పిడిని బిగించుకుని వాడండి. మా దగ్గర తీసుకెళ్లినవాళ్లెవరూ దాన్ని బిగించినట్టు నాకు కనబడలేదు. వైరు డ్రిల్‌కు ఉండే లాక్ బటన్ మరీ ప్రమాదం, వేలు వదిలినా అది ఆగదు. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ తీసేయాలి, వైరుదైతే ప్లగ్గు పీకేయాలి. నూలు గ్లౌజులు, వేలాడే చున్నీ, లుంగీ... ఇవేవీ డ్రిల్ దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, మాస్కు, చెవులకు ప్లగ్గులు మూడూ కావాలి. శ్లాబ్‌కు కొట్టేటప్పుడు పెరుగు డబ్బాకు అడుగున కన్నం పెట్టి బిట్టుకు తొడిగితే పొడి కళ్లలో, చక్‌లో పడదు.

నిర్వహణలో వైరు డ్రిల్‌కే నా ఓటు. ఏడాదికి మూడుసార్లు వాడేవాళ్లకు అదే సరైనది. అటక మీద పదేళ్లు పడేసినా, తీసి ప్లగ్గు పెడితే తిరుగుతుంది. గాలి కన్నాల దగ్గర నిప్పురవ్వలు ఎక్కువైతే కార్బన్ బ్రష్‌లు మార్చుకుంటే సరి, పెద్ద ఖర్చు కాదు. బ్యాటరీ అలా కాదు, వాడినా వాడకపోయినా దాని వయసు అయిపోతుంటుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని ఏడాదిపాటు మూలన పడేస్తే అది మళ్లీ లేవకపోవచ్చు. సగం ఛార్జ్‌తో, డ్రిల్ నుంచి విడదీసి, చల్లటి చోట పెట్టాలి. మన ఎండాకాలం దానికి పెద్ద శత్రువు. చాలా కంపెనీల మాన్యువల్స్ 40 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయొద్దంటాయి, మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం అంటే ఇక చెప్పేదేముంది! పని చేసి వేడెక్కిన బ్యాటరీని అరగంట ఆరనిచ్చి ఛార్జర్‌లో పెట్టండి. కారులో వదిలేయొద్దు, స్క్రూల డబ్బాలో విడిగా పడేయొద్దు. రెండు కొనల మీద ఒక స్క్రూ అడ్డం పడితే చాలు, షార్ట్ అవుతుంది. సెల్స్ మార్చి ఇస్తామనే చౌక రిపేర్లకు నేను పోను.

అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన డ్రిల్ అయితే ఛార్జర్ మీద రాసింది చదవండి. ఒట్టి 120 వోల్టులని ఉంటే మన 230లో పెట్టగానే పొగ వస్తుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీ మార్చదు.

మిగతా వాటి గురించి రెండు ముక్కలు. మైవాన్ గోడల ఇల్లయితే ఈ రెండూ వద్దు, రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోండి. దానిలో పిస్టన్ ఉంటుంది, కొట్టే పని అదే చూసుకుంటుంది, మీరు పట్టుకుంటే చాలు. 12 వోల్టుల చిన్న డ్రిల్ ఫర్నిచర్ బిగించడానికి ముద్దొస్తుంది, గోడకు వద్దు.

నేనైతే ఇటుక గోడల ఇంట్లో, నెలకోసారైనా చేతికి పని తగిలేవాళ్లకు రెండు బ్యాటరీలతో వచ్చే 18 వోల్టుల హ్యామర్ డ్రిల్లే కొనమంటాను. అలాగని పాతది అమ్మేయలేదు. పోయిన నెల పావురాల వల కోసం బాల్కనీ బీముకు ఇరవై నాలుగు హుక్కులు వేయాల్సి వచ్చింది. పదకొండో కన్నానికి రెండు బ్యాటరీలూ అయిపోయాయి. ఆ బీములో వైర్లేమీ లేవని తెలుసు కాబట్టి, అటక మీది వైరు డ్రిల్ దింపి మిగతా పదమూడూ దానితోనే కొట్టాను.