క్రియాటినిన్‌తో ఆగని క్లినిక్: విజయవాడలో కిడ్నీ మార్పిడి తర్వాతి సేవలపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి కోసం విడిగా ఒక క్లినిక్ నడుస్తోంది. మావారి కిడ్నీలు దీర్ఘకాలపు మధుమేహం వల్ల దెబ్బతిన్నాయి. మార్పిడి జరిగినప్పటి నుంచి ఆయనను అక్కడికే తీసుకువెళ్తున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల ఆసుపత్రి పేరు రాయడం లేదు. షుగర్ ఉండి మార్పిడి చేయించుకున్నవారికీ, వారి ఇంట్లోవారికీ ఉపయోగపడాలన్నది నా ఉద్దేశం.

ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) బాగుందని చెప్పి పంపించివేయకపోవడం. రక్తంలో చక్కెర అదుపు తప్పితే, పాత కిడ్నీలోని సన్నని రక్తనాళాలకు పట్టిన గతే కొన్నేళ్లకు కొత్త కిడ్నీలోని నాళాలకూ పట్టవచ్చు. క్రియాటినిన్ పెరిగేసరికి ఆ నష్టం చాలా దూరం వచ్చి ఉంటుంది. అందువల్ల ఇక్కడ మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీనుకూ, క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తిని క్రమం తప్పకుండా చూస్తారు. అది గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలని, 300 దాటితే తీవ్రమని లెక్క. అయితే అది పెరిగిన ప్రతిసారీ నేరం షుగర్ మీదికి నెట్టరు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరిస్తున్నా ఆల్బుమిన్ పోవచ్చు. పైగా తిరస్కరణను ఆపడానికి వాడే టాక్రోలిమస్ కూడా కాలక్రమంలో కిడ్నీలోని చిన్న ధమనుల గోడలను మందంగా చేస్తుంది. ఏది కారణమో తేలనప్పుడు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఎందుకు అవసరమవుతుందో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించారు.

షుగర్ పరీక్షల విషయంలో వారి పద్ధతి మరింత మెచ్చుకోదగినది. ఉదయం వేసుకునే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా కనిపిస్తుంది కనుక, పరగడుపున 100 లోపు ఉన్న చక్కెర భోజనం తర్వాత ఎంతో పెరిగి ఉండవచ్చు. టాక్రోలిమస్ ఇన్సులిన్ ఉత్పత్తిని తగ్గించి దీనికి తోడవుతుంది. అంతకుముందు షుగర్ లేనివారికి సైతం మార్పిడి తర్వాత మధుమేహం రావడానికి ఈ మందులు ఒక ముఖ్య కారణం. అందుకే ఇక్కడి నర్సు మధ్యాహ్న భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు తీసిన రీడింగుల పుస్తకం తెచ్చారా అని మొదటే అడుగుతుంది. తొలి నెలల్లో మూడు నెలల సగటు చెప్పే పరీక్షను వారు నమ్ముకోరు. రక్తహీనత, రక్తం ఎక్కించడం వంటివి ఆ ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

రక్తనాళాల పరీక్షలు బాగానే ఉన్నాయి కాని అన్నీ కావు. కొత్త కిడ్నీని సాధారణంగా పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, దాని ధమనిని కాలికి రక్తం తీసుకువెళ్లే పెద్ద ధమనికి కలుపుతారు. ఆ అతుకు దగ్గర నాళం సన్నబడితే బీపీ మందులకు లొంగదు. మావారికి బీపీ ఉన్నట్టుండి పెరిగినప్పుడు మందు పెంచి ఊరుకోకుండా అదే రోజు డాప్లర్ (నాళాల్లో రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) తీయించారు. పాదాల స్పర్శను సన్నని నైలాన్ పోగుతో ప్రతిసారీ పరీక్షిస్తారు. చీలమండ దగ్గర రక్తపోటు కొలత మాత్రం, షుగర్ ఉన్నవారిలో ధమనులు సున్నం పట్టి గట్టిపడి ఉంటే, లేని ఆరోగ్యాన్ని చూపిస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. ఆ పరికరం ఉన్నా, దాన్ని వాడే టెక్నీషియన్ ఎప్పుడు ఉంటారో రిసెప్షన్‌లో ఎవరూ చెప్పలేరు.

దెబ్బతిన్న నాళాలు తిరిగి బాగుపడతాయా అని నేను అడిగాను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనాన్ని డాక్టరుగారు ప్రస్తావించారు: కిడ్నీని, క్లోమాన్ని కలిపి మార్పిడి చేసిన టైప్ 1 రోగుల నోటిలోని సూక్ష్మ రక్తనాళాలు ఏడాదిలోగా చక్కబడ్డాయట. వెంటనే, మావారిది టైప్ 2 అనీ, ఆయనకు కిడ్నీ ఒక్కటే మార్చారు కనుక ఆ ఆశను యథాతథంగా ఆయనకు వర్తింపజేయలేననీ చెప్పారు. అలా చెప్పగలిగే డాక్టరు ఉండడం వల్లనే లోపాలున్నా మేము క్లినిక్ మార్చలేదు.

లోపాల్లో పెద్దది రక్తం తీసే కౌంటరు. టాక్రోలిమస్ స్థాయి చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న సుమారు 12 గంటలకు, ఉదయపు మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. తెనాలి నుంచో, నూజివీడు నుంచో తొలి బస్సుకు వచ్చినవారు కూడా మామూలు రోగులతో ఒకే వరుసలో నిలబడవలసి వస్తోంది. వేళ దాటితే ఫలితానికి అర్థం ఉండదు, మాత్ర ఆలస్యమవుతుంది. వీరికి వేరే వరుస పెట్టడం కష్టమేమీ కాదు. ఆసుపత్రి మందుల దుకాణంలో ఒకసారి చెప్పకుండానే టాక్రోలిమస్ కంపెనీ మార్చి ఇచ్చారు. కంపెనీ మారితే రక్తంలో మందు స్థాయి మళ్లీ చూసుకోవాలి కనుక ఇది చిన్న విషయం కాదు.

ఆహార నియమాల పత్రం ఎక్కడి నుంచో దించినట్టుంది. అందులో గ్రేప్‌ఫ్రూట్ వద్దని ఉంది. మన పెరళ్లలో కాసే పంపర పనస కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచగలదన్న మాట లేదు. టాక్రోలిమస్ పొటాషియంను పెంచుతుంది. బెజవాడ ఎండల్లో అందరూ తాగే కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. దాని గురించి గాని, ఆవకాయ ఉప్పు గురించి గాని ఒక్క పంక్తి లేదు. అడిగితే డైటీషియన్ అన్నీ ఓపికగా చెప్పింది, పత్రం మాత్రం ఇప్పటికీ మారలేదు.

కంటి రెటీనా పరీక్ష ఇక్కడ చేయరు. బయట చేయించుకున్న రిపోర్టును, ఆపరేషన్ నాటి డిశ్చార్జి సమ్మరీని, పాత డాప్లర్ రిపోర్టులను మొదటిసారి వెళ్లేటప్పుడే తీసుకువెళ్తే డాక్టరుగారు అన్నీ చదివి ఫైలులో చేర్పిస్తారు. రాత్రివేళ జ్వరం వస్తే చేయమని ఇచ్చిన ఫోన్ నంబరు ఎత్తుతారు, సమాధానమూ ఇస్తారు.