ఇన్నోవాలో పింక్ కూలెంట్: ఏళ్ల తరబడి వాడాక

మా ఇన్నోవా కొన్న దగ్గర్నుంచీ టయోటా సూపర్ లాంగ్ లైఫ్ కూలెంటే వాడుతున్నాం. ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే ఈ ద్రవం గులాబీ రంగులో ఉంటుంది. నీళ్లు సగానికి సగం ముందే కలిపి వస్తుంది కాబట్టి డబ్బా మూత తీసి పోసుకోవడమే. టయోటా లెక్క ప్రకారం మొదటి మార్పు 1,60,000 కిలోమీటర్లకు, ఆ తర్వాత ప్రతి 80,000కి. విజయవాడ ఎండల్లో, బండి నిండా జనంతో, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కినా టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటలేదు.

మనకు మంచు పడదు కదా, గడ్డకట్టకుండా ఆపే ఈ యాంటీఫ్రీజ్ ఎందుకని చాలామంది అడుగుతారు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ సగం పాళ్లలో ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టనివ్వదు, నిజమే. మనకు పనికొచ్చేది వేరే. అదే ద్రవం 100 డిగ్రీలకు మరగదు. రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒత్తిడి కూడా తోడైతే 120 దాటినా తట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యం, తుప్పు పట్టనివ్వని మందులు. అల్యూమినియం రేడియేటర్‌ని, వాటర్ పంపుని కాపాడేవి అవే. వట్టి నీళ్లతో నడిపితే ముందుగా దెబ్బతినేవి ఆ రేడియేటర్, పంపులే.

ఒకసారి దారిలో హోస్ పైపు పగిలితే, అక్కడి మెకానిక్ పైపు మార్చి బోరు నీళ్లు నింపాడు. ఇల్లు చేరడానికి అంతకుమించి దారి లేదు. రాగానే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి మళ్లీ పింక్ పోయించాను. బోరు నీళ్లలోని కాల్షియం, ఈ కూలెంట్‌లోని ఫాస్ఫేట్ కలిస్తే సన్నటి గొట్టాల్లో సున్నంలా పేరుకుంటుంది. ఒకసారి పేరుకున్నాక వదిలించడం చాలా కష్టం.

లోటు రెండే: ఖరీదు ఎక్కువ, చిన్న ఊళ్లలో దొరకదు. అందుకే డిక్కీలో ఎప్పుడూ ఒక డబ్బా పెట్టుకుంటాను. రంగు ఒకటే కదా అని దొరికిన పింక్ ఏదో పోసేయకండి, ఒక్కో కంపెనీ మందులు ఒక్కోలా ఉంటాయి. ఇంజిన్ చల్లబడ్డాక రిజర్వ్ ట్యాంక్‌లో కూలెంట్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూస్తే చాలు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, ముఖం కాలుతుంది.

తీసేసిన పాత కూలెంట్‌ని మాత్రం కాలువలో పోయనివ్వకండి. తియ్యగా ఉండటంతో కుక్కలు నాకుతాయి, కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మాది క్యాన్‌లో పట్టించి, పిల్లలకు అందకుండా మూత బిగించి, సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేస్తాను.