పడిపోయిన పాస్టరుకు మళ్ళీ పుల్పిట్టా? శ్రీకాకుళం, విజయనగరం సంఘాల్లో నడుస్తున్న ‘పునరుద్ధరణ’పై సమీక్ష

పాస్టరు వ్యభిచారంలో పడ్డాడని బయటపడిన రోజు నుంచి అతను మళ్ళీ మైకు పట్టుకునే రోజు దాకా సంఘంలో జరిగేదంతా మన దగ్గర ‘పునరుద్ధరణ’ అనే ఒక్క పేరుతో చెలామణి అవుతోంది. గజపతినగరం, బొబ్బిలి, రాజాం వైపు చూసినా, ఆమదాలవలస, టెక్కలి, పలాస వైపు చూసినా ఎక్కువగా కనిపించే తీరు ఒకటే. పెద్దలు ఒకసారి కూర్చుంటారు. బయటి నుంచి ఇద్దరు ముగ్గురు దైవజనులు, అంటే వేరే సంఘాల పాస్టర్లు వస్తారు. మూడు నెలలో ఆరు నెలలో ‘రెస్ట్’ అంటారు. తర్వాత ఒక ఉపవాస ప్రార్థన, చేతులుంచడం, శాలువా. దీన్ని సంఘానికి అందే ఒక సేవ అనుకుని, ఏది పనిచేస్తోంది, ఏది చెడుతోంది, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు అని చూశాం.

ఇప్పుడున్న తీరుకు మేమిచ్చే మార్కు ఐదుకు ఒకటిన్నర. మనిషిని వెలివేసి వదిలేయకుండా మళ్ళీ దగ్గరికి తీసుకుంటున్నారు కాబట్టి ఆ ఒకటిన్నర. మిగతా మూడున్నర ఎందుకు పోయిందో చెప్పాలంటే రెండు గుమ్మాల సంగతి ముందు తేలాలి.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గరికి తిరిగి రావడం ఒక గుమ్మం. పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కడం ఇంకో గుమ్మం. మొదటిది పశ్చాత్తాపపడిన ప్రతి విశ్వాసికీ తెరిచే ఉంటుంది. గలతీ 6:1లో సాత్వికమైన మనసుతో మంచిదారికి తీసుకురమ్మన్నది దాని గురించే. రెండో గుమ్మానికి కొలత వేరే ఉంది, 1 తిమోతి 3లో. నిందారహితుడు, ఏకపత్నీ పురుషుడు, తన ఇంటిని బాగా ఏలుకునేవాడు, ఏడో వచనానికి వచ్చేసరికి బయటివాళ్ళ దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉన్నవాడు. క్షమాపణ దొరికింది కాబట్టి పదవి కూడా ఇవ్వాల్సిందే అనేవాళ్ళు ఈ రెండింటినీ ఒకే తాళంచెవితో తీస్తున్నారు. ముడి అక్కడే పడుతోంది.

పేతురు మాటేమిటని అడుగుతారు. పేతురు భయంతో అబద్ధమాడాడు, మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. మందలోని గొర్రెను వాడుకోలేదు. దావీదు మాటేమిటంటారు. దావీదు రాజు, సంఘ కాపరి కాదు. పైగా దావీదు వ్యభిచారాన్ని ప్రవక్త నిలదీసిన 2 సమూయేలు 12 దగ్గర పుస్తకం మూసేసి, అతను క్షమాపణ వేడుకున్న 51వ కీర్తనకు వెళ్ళిపోతే సరిపోదు. ఆ తర్వాతి అధ్యాయాల్లో దావీదు పిల్లలు అమ్నోను, తామారు, అబ్షాలోము ఉన్నారు. క్షమాపణ దొరికిన ఇంట్లోనే కత్తి తిరిగింది. “అభిషిక్తుణ్ణి ముట్టకూడదు” అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. ఆ అభిషిక్తుడి ముఖం మీదే “ఆ మనిషివి నీవే” అన్న నాతాను ప్రవక్త ఎవరు మరి? పెద్దల మీద వచ్చిన నేరం ఇద్దరు ముగ్గురు సాక్షులతో వినమని, పాపం చేసినవాళ్ళను అందరి ఎదుట గద్దించమని 1 తిమోతి 5:19, 20 వరుసగా చెబుతున్నాయి. మన సంఘాలు పందొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోతున్నాయి.

మూడు నెలల లెక్క ఎంత పనిచేస్తుందో ప్రపంచం ఇంతకుముందే చూసింది. అమెరికా టీవీ ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ 1988 ఫిబ్రవరిలో వేదిక మీద ఏడుస్తూ పాపం ఒప్పుకున్నారు. కనీసం ఒక ఏడాది ప్రసంగాలు ఆపమని ఆయన సంఘాల సంస్థ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ చెబితే ఒప్పుకోలేదు, సంస్థ ఆయన సేవకుడి హోదా తీసేసింది. మూడు నెలలకే పుల్పిట్ ఎక్కారు. 1991లో మళ్ళీ అలాంటి సంఘటనే బయటపడింది. పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరాయస్ విషయం మరో తీరు. ఆయన బతికుండగా వచ్చిన లైంగిక ఆరోపణను సొంత సంస్థే తోసిపుచ్చింది. 2020లో ఆయన చనిపోయాక, న్యాయవాదుల బృందం చేసిన విచారణ నివేదికను 2021 ఫిబ్రవరిలో అదే సంస్థ బయటపెట్టాల్సి వచ్చింది. మొదటిదాంట్లో గడువు చెడింది, రెండోదాంట్లో విచారించాల్సినవాళ్ళు చెడ్డారు. మన దగ్గర ఈ రెండూ కలిసి వస్తున్నాయి.

విచారించేవాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బయటి నుంచి వచ్చే దైవజనులు సాధారణంగా ఆ పాస్టరు స్నేహితులే. వాళ్ళ సభలకు ఇతను వెళ్తాడు, ఇతని సభలకు వాళ్ళు వస్తారు, కానుక కవర్లు ఇటూ అటూ నడుస్తాయి. అలాంటివాళ్ళు వచ్చి కూర్చుంటే తీర్పు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఐదుగురితో ఒక బృందం ఉండాలి. సంఘంలోంచి ఇద్దరు, పాస్టరుకు బంధువులు కానివాళ్ళు. బయటి నుంచి ఇద్దరు సేవకులు, గత మూడేళ్ళలో అతనితో సభలు పంచుకోనివాళ్ళు. తప్పనిసరిగా ఒక స్త్రీ. వీలైతే టీచరో నర్సో అయితే మంచిది, ఎందుకంటే పాస్టరు ఎవరితో తప్పు చేశాడో ఆ స్త్రీతో మాట్లాడాల్సింది ఆమే. నెలకొకసారి కూర్చోవాలి, ప్రతిసారీ మినిట్స్ పుస్తకంలో రాసి ఐదుగురూ సంతకం చేయాలి.

బాప్టిస్టు సంఘాల్లో ఈ పని ఇంకా స్థానిక సంఘం చేతుల్లోనే ఉంటుంది. కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటిన మన పాత సంఘాలకు డీకన్లు (సంఘం ఎన్నుకునే పరిచారకులు), మినిట్స్ అలవాటే. ఆ అలవాటు ఇప్పుడు అక్కరకు రావాలి. స్వతంత్ర సంఘాల్లో ఆ పాటి ఆసరా కూడా లేదు. పాస్టరే వ్యవస్థాపకుడు, అధ్యక్షుడు, కోశాధికారి. తీసేయాలన్నా తీసేసేవాళ్ళు ఎవరు?

మొదటి వారంలో చేయాల్సినవి మొదటి వారంలోనే చేయాలి. విషయం తేలిన 72 గంటల్లోపు పుల్పిట్, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, గృహ దర్శనాలు అన్నీ ఆగాలి. చర్చి తాళాలు, కానుకల పెట్టె తాళం, రసీదు పుస్తకాలు పెద్దలకు అప్పగించాలి. బ్యాంకులో సంతకం మార్చడానికి కమిటీ తీర్మానం నకలు, కొత్త సంతకందారుల ఆధార్, పాన్, ఫోటోలు కావాలి. శనివారం దాకా ఆగితే వారం పోయినట్టే. వాట్సాప్ గ్రూపు అడ్మిన్, యూట్యూబ్ ఛానల్ పాస్‌వర్డ్ కూడా ఈ జాబితాలోవే. ఈ రెండూ అతని చేతిలో ఉంచి ‘రెస్ట్’ అంటే, అతను పుల్పిట్ దిగలేదన్నమాట. చోటు మారాడంతే.

ఒప్పుకోలు కాగితం దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. “నా బలహీనత వల్ల జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను” అని ఒక్క వాక్యం రాసి కింద సంతకం. ఇలాంటి కాగితం ఎవరికీ అక్కరకు రాదు. ఎప్పుడు మొదలైంది, ఎంత కాలం సాగింది, ఎప్పుడు ఆగింది, తనే చెప్పాడా దొరికిపోయాక చెప్పాడా, సంఘం డబ్బు వాడాడా, ఇంతకుముందు ఇంకెక్కడైనా జరిగిందా. ఈ ఆరింటికీ తన చేతిరాతలో జవాబులుండాలి. స్త్రీ పేరు ఈ కాగితంలో ఉండకూడదు, అది బృందంలోని స్త్రీ దగ్గర మాత్రమే ఉండాలి. కాగితం సీల్ చేసి ఇద్దరి దగ్గర రెండు నకళ్ళు ఉంచాలి. ఐదో ప్రశ్న, ఆరో ప్రశ్న ఎగ్గొట్టిన కాగితాన్ని తిప్పి పంపాలి. సంఘం ముందు చదివేది వేరే కాగితం. నాలుగైదు వాక్యాలు చాలు, అందులో ‘వ్యభిచారం’ అనే మాట ఉండాలి, వివరాలు ఉండకూడదు.

ఇక పాస్టరమ్మగారు. తిరిగి వచ్చే ఆదివారం ఆమెను ముందుకు పిలుస్తారు. ముసుగు సవరించుకుని, తల దించుకుని నిలబడుతుంది. ఎవరో మైకు చేతిలో పెడతారు. “నేను క్షమించాను, మీరూ క్షమించండి” అని చెప్పించుకుంటారు. చప్పట్లు, హల్లెలూయలు. ఈ దృశ్యం పూర్తిగా మానేయాలి. ఆమె క్షమించిందా లేదా అన్నది ఆమె నోటినుంచి జనం ముందు లాగాల్సిన మాట కాదు. ఆమెకు ముందు కావలసినవి వేరే ఉన్నాయి. ఇల్లు పాస్టరు క్వార్టర్సు అయితే కనీసం ఆరు నెలలు ఖాళీ చేయించకూడదు. ఆ ఆరు నెలలూ జీతంలో కొంత ఆమె సొంత ఖాతాకే వెయ్యాలి. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ (సలహా, పరీక్ష) కేంద్రంలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటికి రావు. ఒకసారి చేయించి మూడు నెలలకు మళ్ళీ చేయించాలి. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడే పెద్దలు ఈ పనికి పనికిరారు. మనసు మాట్లాడుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

రెండో స్త్రీ, అంటే పాస్టరు లొంగదీసుకున్న మనిషి గురించి మన సంఘాల్లో ఎవరూ మాట్లాడడం లేదు. మేము అన్నిటికన్నా పట్టించుకునేది ఇదే. భర్త తాగుడు గురించి ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిన మనిషి, ఉపవాస కూడికకు వచ్చిన విధవరాలు, కౌన్సెలింగ్‌కు వచ్చిన యవ్వనస్తురాలు. కాపరి దగ్గర మనసు విప్పి చెప్పిన మాటలే తర్వాత ఆమెకు సంకెళ్ళయ్యాయి. దీన్ని ఇద్దరి పాపం అని సగం సగం పంచడం తప్పు. ఆ గదిలో ఒకరికి అధికారం ఉంది, ఇంకొకరికి లేదు. ఆచరణలో మాత్రం పాస్టరుకు పునరుద్ధరణ, ఆమెకు ఊరు మారడం. సంఘం ఒక రూపాయి ఖర్చు పెట్టాల్సి వస్తే ముందు ఆమెకే పెట్టాలి.

చట్టం కూడా ఇక్కడే వస్తుంది. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ పాత 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. విడాకులకు మాత్రం వ్యభిచారం ఇప్పటికీ కారణమే. కానీ అధికార స్థానంలో ఉన్నవాడు, నమ్మకం మీద ఆధారపడిన సంబంధంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుని స్త్రీని లొంగదీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ కింద ఐదేళ్ళ నుంచి పదేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఆ అమ్మాయికి 18 ఏళ్ళు నిండకపోతే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే చెప్పనివాళ్ళ మీద కూడా కేసు అవుతుంది. అలాంటప్పుడు పెద్దల మీటింగు పెట్టకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోన్ చెయ్యాలి, ఆ రోజే.

నిశ్శబ్దంగా బదిలీ చేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. విజయనగరంలో తెలిసింది ఇచ్ఛాపురంలో తెలియదు, ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, బరంపురంలో తెలుగు సంఘాలున్నాయి. కొత్త సంఘానికి ‘సమర్పణ గల దైవజనుడు’ అని ఉత్తరం రాసిచ్చినవాళ్ళు అక్కడ జరగబోయేదానికి కూడా బాధ్యులే. ఎక్కడికి వెళ్ళినా ఒప్పుకోలు కాగితం నకలు అతని కన్నా ముందు చేరాలి.

తిరిగి రావడానికి అసలు వీలుందా? మా అభిప్రాయం ఇది. స్త్రీ అదే సంఘం మనిషైతే ఆ సంఘానికి ఎప్పటికీ వద్దు. ఒకరి కన్నా ఎక్కువమంది ఉంటే, మైనరు ఉంటే, బెదిరింపు ఉంటే ఏ సంఘానికీ వద్దు. ఒకేసారి జరిగి, తనంతట తానే ముందుకొచ్చి చెప్పి, సంఘం మనిషితో కాకపోతే, రెండేళ్ళు పూర్తయ్యాక ఆ ఐదుగురూ ఒకే మాట మీద ఉంటే, వేరే చోట, వేరే పెద్దల కింద, ఒంటరిగా కాకుండా ఆలోచించవచ్చు. వ్యభిచారం ఒప్పుకుని 1987లో పదవి వదిలేసి, పెద్దల పర్యవేక్షణలో నడిచి తిరిగి వచ్చిన అమెరికా పాస్టరు గోర్డన్ మెక్‌డొనాల్డ్ లాంటి ఉదాహరణలూ ఉన్నాయి. అలాంటివి అరుదు.

ఆ రెండేళ్ళు అతను ఏం చేస్తాడనేదే కొలత. పనికి వెళ్ళాలి. పలాస జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాయడమో, కొట్టు పెట్టుకోవడమో ఏదో ఒకటి. ఆదివారం వెనక వరసలో కూర్చోవాలి. ఎక్కడైనా ‘కేవలం సాక్ష్యం చెప్పమన్నారు’ అని మైకు పట్టుకుంటే గడువు మొదటి నుంచి లెక్క. పుల్పిట్ లేని రోజుల్లో మనిషి ఎలా ఉన్నాడో చర్చి ఎదుట టీకొట్టు అతన్ని అడిగినా చెబుతాడు, తిమోతి పత్రికలో అన్న బయటివాళ్ళ సాక్ష్యం అతని దగ్గర కూడా ఉంది. “అయ్యగోరు తప్పు చేసినా మన అయ్యగోరే కదేటి” అనే మాట ప్రేమతోనే వస్తుంది. ఆ ప్రేమ ఆ కుటుంబానికి బియ్యం పంపాలి, పిల్లల ఫీజు కట్టాలి. పుల్పిట్ దారి మాత్రం ఆ ఐదుగురి సంతకాల మీదుగానే పోవాలి.

ఇంకా ఏమీ జరగని సంఘాలు ఈ నెలలోనే చేయగల పని ఒకటుంది. చర్చి స్థలం దస్తావేజు తీసి ఎవరి పేరు మీద ఉందో చూడండి. పాస్టరు పేరు మీదో అమ్మగారి పేరు మీదో ఉంటే, పైన చెప్పినవేవీ అమలు కావు. తొలగించిన మర్నాడు గేటుకు అతని తాళమే ఉంటుంది, సగం సంఘం అతని వెంటే ఉంటుంది, మిగతా సగం పక్క వీధిలో రేకుల షెడ్డు వెతుక్కుంటుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీ నమోదు చేసి, స్థలం సొసైటీ పేరుకు రాయించి, బైలాలో (సొసైటీ నియమావళిలో) పాస్టరును ఎవరు, ఏ కారణానికి, ఎన్ని ఓట్లతో తొలగించవచ్చో రాసుకోవాలి. అధ్యక్షుడిగా పాస్టరు కాకుండా ఇంకొకరు ఉండాలి. మంచి పాస్టరు ఉన్నప్పుడే ఈ సంతకాలు తేలిగ్గా పడతాయి. ఇవ్వాళ ఆయన్నే అడగండి.