పాత టీవీకి స్ట్రీమింగ్ స్టిక్: పెద్దవాళ్లున్న ఇంట్లో వాడి చూశాక

ఇంట్లో మంచిగా నడుస్తున్న ఎల్ఈడీ టీవీ ఉండి, అది స్మార్ట్ కాదన్న ఒక్క కారణంతో కొత్తది కొందామని చూస్తున్నవాళ్లు కాస్త ఆగండి. వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటి ఖాళీగా ఉంటే ఐదు వేల లోపు దొరికే స్ట్రీమింగ్ స్టిక్‌తో, అంటే ఆ పోర్టులో పెడితే ఇంటర్నెట్‌లోని సినిమాలు, సీరియళ్లు టీవీలో చూపించే చిన్న పరికరంతో, పనైపోతుంది. మేం హన్మకొండ చౌరస్తాలో ఫుల్ హెచ్‌డీ స్టిక్ తెచ్చుకున్నాం, ఇంకా స్పష్టమైన బొమ్మనిచ్చే 4కే ది వద్దనుకున్నాం, మా నలభై అంగుళాల పాత టీవీ ఎట్లాగూ 4కే చూపించదు కాబట్టి దానికి ఎక్కువ డబ్బులు దండగ. బొమ్మకి, స్పీడ్‌కి పూర్తి మార్కులు. అయితే మా ఇంట్లో పొద్దంతా టీవీ చూసేది మా అత్తమ్మ. తెలుగు చక్కగా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. ఎవర్నీ పిలవకుండా తనకు కావాల్సింది తనే పెట్టుకోగలగాలి, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం, ఆ లెక్కన ఈ స్టిక్‌కి సగం మార్కులే వేస్తాను.

బిగించడం తేలిక. కరెంటు దగ్గర మాత్రం జాగ్రత్త. ప్లగ్గు మిగులుతుంది కదా అని చాలామంది స్టిక్ కేబుల్‌ని టీవీకున్న యూఎస్‌బీలోనే పెడతారు. పాత టీవీల్లో ఆ పోర్టు ఇచ్చేది చాలావరకు అర ఆంపియరే, స్టిక్‌కి ఒక ఆంపియర్ కావాలి. సినిమా మధ్యలో దానంతటదే ఆగిపోయి మళ్లీ లోగోతో మొదలవుతుంటే ముందు చూడాల్సింది ఇదే. డబ్బాలో ఇచ్చిన అడాప్టర్‌నే గోడ సాకెట్‌కి పెట్టండి. ఆ డబ్బాలోనే జానెడు హెచ్‌డీఎంఐ వైరు కూడా ఉంటుంది, దాన్ని పక్కన పడేయొద్దు. టీవీ గోడకి అతుక్కుని ఉంటే స్టిక్ వెనక ఇరుక్కుపోయి వైఫై సరిగా అందదు, ఆ వైరుతో కొద్దిగా బయటికి లాగితే తేడా తెలుస్తుంది.

పెద్దవాళ్లకి మొదటి తలనొప్పి రెండు రిమోట్లు. దీనికి టీవీలోనే మందు ఉంది. ఒకే రిమోట్‌తో రెండూ నడిచేలా చేసే హెచ్‌డీఎంఐ సీఈసీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, శాంసంగ్ వాళ్లు దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీ వాళ్లు సింప్‌లింక్, సోనీ వాళ్లు బ్రావియా సింక్. అది ఆన్ చేశామంటే స్టిక్ రిమోట్ నొక్కగానే టీవీ కూడా ఆన్ అయ్యి నేరుగా ఆ పోర్టుకే వస్తుంది. మా అత్తమ్మకి ఇన్‌పుట్ మార్చే బాధ తప్పింది, పాత రిమోట్ ఇప్పుడు బీరువా మీద ఉంది.

ఇక హోమ్ పేజీ. "గిదేంది బిడ్డా, ఒక్క అక్షరం తెలుగు లేదు, నా సీరియల్ ఏ డబ్బాలున్నదో నాకెట్ల ఎర్కైతది" అని ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కేబుల్ ఉన్నప్పుడు నంబర్ నొక్కితే ఛానల్ వచ్చేది. ఇప్పుడు స్టార్ మా సీరియల్ కావాలంటే జియోహాట్‌స్టార్, జీ తెలుగుది కావాలంటే జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. ఏ ఛానల్ ఏ యాప్‌లో ఉందో మనకే గుర్తుండదు, ఆమెకెట్లా ఉంటుంది? అందుకని యాప్‌లన్నీ ఒక వరసలో సర్ది, అట్ట ముక్క మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి టీవీ పక్కన అతికించాను: "ఇల్లు బొమ్మ నొక్కాలి, కిందికి ఒకసారి, కుడికి రెండుసార్లు, స్టార్ మా." ఆమె నొక్కులు లెక్కపెట్టుకుంటూ చక్కగా పెట్టుకునేది. తర్వాత ఒక అప్‌డేట్ వచ్చి యాప్‌ల వరస పైన ఇంకో ప్రకటనల వరస చేరింది, నా అట్టముక్క లెక్కంతా తప్పింది, మళ్లీ రాశాను. డబ్బులిచ్చి కొన్న వస్తువు మన ఇంట్లో మనం సర్దుకున్నట్టు ఉండాలి కదా. నాకు దీనిమీద ఉన్న అసలు కోపం ఇదే. ఆన్ చేయగానే పైన పెద్ద ట్రైలర్ సౌండుతో సహా మొదలవుతుంది, అది మాత్రం సెట్టింగుల్లో వీడియో ఆటోప్లే, ఆడియో ఆటోప్లే రెండూ ఆపేస్తే పోతుంది. కొన్న రోజే ఆపేయండి.

రిమోట్‌లో మైక్ ఉంది కదా, చదవక్కర్లేదు, అడిగితే చాలు అనుకుంటాం. మా స్టిక్ మైక్‌కి ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు అర్థం కాదు. అత్తమ్మ "గంగవ్వ వీడియోలు పెట్టు" అంటే అది ఏదో హిందీ పాట తెచ్చి పెడుతుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో తీసే, గంగవ్వ కనిపించే యూట్యూబ్ ఛానల్ మై విలేజ్ షో అంటే ఆమెకి ప్రాణం, గంగవ్వ మాట్లాడుతుంటే తన చిన్ననాటి ఊరు విన్నట్టుంటుందట. దీనికి ఫోన్ దారి చూపించింది. ఫోన్, టీవీ ఒకే వైఫై మీద ఉంటే యూట్యూబ్ యాప్‌లో పైన క్యాస్ట్ గుర్తు కనిపిస్తుంది, అది నొక్కితే ఫోన్‌లో పెట్టింది టీవీలో వస్తుంది. ఫోన్ కీబోర్డులో తెలుగు మైక్ ఉంది, గూగుల్ దాన్ని 2017లోనే తెచ్చింది. ఆమె ఫోన్‌కి తెలుగులో చెప్తుంది, వీడియో మీద వేలు పెడుతుంది, అది టీవీలో వస్తుంది. మన యాసని కూడా బాగానే పట్టుకుంటుంది. బతుకమ్మ పాటలు, పాత జానపదాలు, డీడీ యాదగిరి కార్యక్రమాలు అన్నీ ఇట్లాగే వెతుక్కుంటుంది. వెయ్యి రూపాయల యాప్‌ల కంటే ఆమెకి యూట్యూబే ఎక్కువ పనికొచ్చింది, అందుకే దానికి మాత్రం ప్రకటనలు లేకుండా డబ్బు కడుతున్నాం, నెలకి 149. భక్తి పాట మధ్యలో ఆన్‌లైన్ రమ్మీ ప్రకటన దూరడం నాకు నచ్చలేదు.

సౌండ్ గురించి తప్పకుండా చెప్పాలి, ఇది ప్రతి ఇంట్లో ఉన్న గొడవే. "మాటలు ఇనవడయి, పాటొస్తే చెవులు పలుగుతయ్" అని అత్తమ్మ, వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూ మేము. ఓటీటీ సినిమాల ఆడియో చాలావరకు 5.1 సరౌండ్‌లో, అంటే గది చుట్టూ పెట్టే ఆరు స్పీకర్ల కోసం, వస్తుంది, అందులో మాటలు మధ్య స్పీకర్ కోసం ఉంటాయి, మన టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లే. స్టిక్ ఆడియో సెట్టింగుల్లో సరౌండ్ తీసేసి పీసీఎం లేదా స్టీరియో పెట్టండి, సినిమా ఆడియో లిస్టులో స్టీరియో ఉంటే అదే ఎంచుకోండి. మాటలు వెంటనే తేటపడతాయి. సౌండ్‌బార్ కొనే ముందు ఇది చేసి చూడండి, ఖర్చు లేదు.

నెట్ విషయానికొస్తే, 200 ఎంబీపీఎస్ ప్లాన్ లేకపోతే టీవీ నడవదని చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. నలుగురున్న ఇంటికి 40 దండిగా సరిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో మాత్రం కుదరదు, హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా పోతుంది, రోజుకి 2 జీబీ ప్యాక్ ఇంటర్వెల్ కూడా దాటదు. మా బాధంతా స్పీడ్ కంటే కరెంటుతోనూ, కోతులతోనూ. వానాకాలంలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో లైట్లు ఒక్క రెప్పపాటు మినుకుమంటాయి అంతే, రౌటర్ మాత్రం ఆగి మళ్లీ మొదలై రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది, సాయంత్రం ఇది నాలుగుసార్లు అయితే ఇంక సినిమా ఏం చూస్తాం. రౌటర్ కోసమే 12 వోల్టుల మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రౌటర్‌ని ఆగనివ్వని చిన్న బ్యాటరీ, దొరుకుతుంది, అరచేతిలో పట్టేంతే ఉంటుంది, స్టిక్ తర్వాత మేం పెట్టిన మంచి ఖర్చు అదే. కోతులకి మాత్రం మందు లేదు. స్తంభాల మీంచి, చెట్ల మీంచి వచ్చే ఫైబర్ వైరు పట్టుకుని ఊగితే అది తెగుతుంది, రౌటర్ మీద ఎల్ఓఎస్ అన్నచోట ఎర్ర లైటు కొట్టుకుంటుంది. ఆ లైటు కనిపిస్తే రౌటర్‌ని ఆపి ఆన్ చేస్తూ కూర్చోవద్దు, లోపం వైరులో ఉన్నట్టు, నేరుగా లైన్‌మన్‌కి ఆ మాటే చెప్పండి, తొందరగా వస్తాడు.

డబ్బు సంగతి. ఫోన్ రీఛార్జితో వచ్చే ఓటీటీలు చాలావరకు ఫోన్‌కే పరిమితం, టీవీలో తెరుచుకోవు. నెట్‌ఫ్లిక్స్ 149 మొబైల్ ప్లాన్ కూడా అంతే, టీవీకి కనీసం 199ది కావాలి. అది 720పీ, అంటే ఫుల్ హెచ్‌డీ కంటే కాస్త తక్కువ స్పష్టత, ఒక్క తెర మీదే నడుస్తుంది, మా టీవీకి అది చాలు. ప్రైమ్ వీడియోలో ఏడాదికి డబ్బు కట్టినా 2025 జూన్ నుంచి ప్రకటనలు వస్తున్నాయి, వద్దంటే మళ్లీ నెలకి 129 అదనం, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఆహా యాప్ తెలుగు వాళ్ల కోసమే 2020 ఉగాదికి మొదలైంది. మేం పాటించే పద్ధతి ఏంటంటే అత్తమ్మ సీరియల్ యాప్ ఏడాది పొడుగునా ఉంటుంది, మిగతావి నెలకి ఒకటి. తెలుగు సినిమాలు చాలా మటుకు నెలా నెలన్నరలో ఏదో ఒక యాప్‌లోకి వస్తాయి, మనకి కావాల్సినవి రెండు మూడు ఒకచోట జమయ్యాక ఆ నెల కట్టుకుని చూసేస్తాం.

కట్టిన రోజే ఆటోపే, అంటే నెలనెలా దానంతటదే డబ్బు కోసుకునే ఏర్పాటు, ఆపేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్లు అన్న చోట మీరు ఒప్పుకున్నవన్నీ కనిపిస్తాయి, రద్దు చేసినా ఆ నెల మొత్తం యాప్ నడుస్తుంది. డబ్బు కోయడానికి 24 గంటల ముందుగా మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం, 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. ఆ మెసేజ్‌లు రీఛార్జి ఆఫర్ల మధ్య కనబడకుండా పోతాయి, కాబట్టి దాని మీద ఆధారపడొద్దు.

పిల్లలున్న ఇంట్లో కొనుగోళ్లకి పిన్ పెట్టండి, పిల్లల ప్రొఫైల్ విడిగా చేయండి. స్టిక్‌లో స్టోరేజీ 8 జీబీయే, ఆటల యాప్‌లు ఎక్కిస్తే బండి మెల్లగవుతుంది.

పరకాలలో మా అమ్మ వాళ్లింటికి కూడా ఒకటి పంపాలి, అక్కడ ఫోన్‌లో వెతికి పెట్టే మనిషి కూడా ఉండరు. రిమోట్ మైక్‌లో నేరుగా తెలుగు మాట్లాడితే పట్టుకునే స్టిక్ గానీ బాక్స్ గానీ మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే మోడల్ పేరు రాయండి, కాస్త ఖరీదెక్కువైనా అదే తీసుకుంటాను.