రింగ్ ఆఫ్ కెర్రీనా, డింగిలా? ముందు సముద్రం ఎటువైపో చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో మా తెలుగువాళ్ళ దగ్గర నుంచి నాకు ఒకటే ప్రశ్న. "వేసవికి అమ్మావాళ్ళు వస్తున్నారు, కారు తీసుకుని పడమటి తీరానికి వెళ్దామనుకుంటున్నాం. రింగ్ ఆఫ్ కెర్రీ మేలా, డింగిల్ మేలా?" ఇప్పటికి ఎంతమందికి ఫోన్లో చెప్పానో లెక్క లేదు. ఒకసారి రాసి పెట్టుకుంటే నా గొంతు మిగులుతుంది.

ఏది అందంగా ఉంటుందన్న చర్చ జోలికి నేను వెళ్ళను. రెండూ కెర్రీ కౌంటీలోవే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). రింగ్ అంటే ఐవెరా ద్వీపకల్పం చుట్టూ తిరిగే రోడ్డు, డింగిల్ దాని పక్క ద్వీపకల్పం. రెండు ద్వీపకల్పాలూ అట్లాంటిక్‌లోకి వేళ్ళలా చాచుకున్నవే, కొండ, గొర్రె, వాన, ఎండ అన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. రింగ్ 179 కిలోమీటర్ల చుట్టు. డింగిల్ ఊరి నుంచి బయలుదేరి మళ్ళీ ఊరికే చేరే స్లే హెడ్ దారి 47 కిలోమీటర్లు. ఈ అంకెలు చూసి చాలామంది "179 అంటే ఎక్కువ చూడొచ్చు కదా" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటిసారి అమ్మానాన్నలతో కిల్లార్నీలో బస చేసి, పొద్దున్నే పులిహోర డబ్బాలు సర్దుకుని కిల్లార్గ్లిన్ వైపు బయలుదేరాం. టూరు బస్సులన్నీ అటే వెళతాయి, అపసవ్య దిశలో. అందరూ వెళ్ళే దారే మంచిదని మేమూ వాటి వెనకే పడ్డాం. ఇక్కడా మన దగ్గరలాగే రోడ్డుకు ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు పడే తికమక మనకు లేదు. అమ్మను మర్యాదగా ముందు సీట్లో, ఎడమవైపు కూర్చోబెట్టాను. గ్లెన్‌బే దాటాక డింగిల్ అఖాతం మొత్తం తెరుచుకుంది, కుడివైపున, ఎదురొచ్చే బండ్ల అవతల. అమ్మకు కనబడిందల్లా కొండవాలు, దాని కింద ఎర్రటి జుంకీల్లా పూలు వేలాడే ఫ్యూషియా కంచె. నాకు కనబడింది బస్సు వెనక అద్దం.

"ఏరా, సముద్రం అటువైపు ఉంటే నన్ను ఇటువైపు కూర్చోబెట్టావేమిటి?" అంది అమ్మ.

పోనీ ఆగి చూపిద్దామా అంటే, బండి ఆపే చోట్లలో బాగున్నవన్నీ సముద్రం వైపే ఉన్నాయి. అంటే ఎదురొచ్చే వరుసను దాటి కుడికి తిరగాలి. ఇక్కడ వెనకవాళ్ళు హారన్ కొట్టరు, అదే అసలు బాధ. ఎనిమిది కార్లు నోరు మూసుకుని నా వెనక నిలబడి ఉంటే, అద్దంలో వాటిని చూస్తూ ఎదురుగా ఖాళీ కోసం కాచుకోవడం నా వల్ల కాలేదు. నాలుగు చోట్ల ఆగాలనుకుని ఒక్కచోట ఆగాం.

రెండు రోజుల తర్వాత డింగిల్ వెళ్ళాం. అక్కడ బస్సులు సవ్య దిశలో తిరుగుతాయి, కార్లూ అలాగే వెళ్ళాలని స్థానికులు కోరతారు. వెంట్రీ దాటగానే సముద్రం ఎడమవైపుకు వచ్చి, అమ్మ మోచేతి పక్కనే కూర్చుంది. ఆగాలనిపిస్తే ఎడమకు కాస్త జరిగితే చాలు. ఎవరినీ దాటక్కర్లేదు, ఎవరినీ ఆపక్కర్లేదు. ఆ 47 కిలోమీటర్లకు మాకు ఆరు గంటలు పట్టింది, అందులో సగం కారు దిగి నిలబడ్డ సమయమే.

అప్పటి నుంచి నాకు ఒకటే సూత్రం. గుడికి ప్రదక్షిణ చేసినట్టు వెళ్ళండి. నేల కుడిచేతివైపు, నీళ్ళు ఎడమచేతివైపు. ఐర్లాండ్‌లో ఏ ద్వీపకల్పానికైనా, ఆ మాటకొస్తే దేశం మొత్తానికైనా ఇది పనిచేస్తుంది. పడమటి తీరం పొడవునా సాగే 2,500 కిలోమీటర్ల వైల్డ్ అట్లాంటిక్ వే రోడ్డును తీసుకున్నా, దక్షిణాన కిన్సేల్ నుంచి ఉత్తరానికి వెళ్ళేవాళ్ళకు సముద్రం తమ వైపు ఉంటుంది, పైనుంచి కిందికి దిగేవాళ్ళకు రోడ్డు అవతల ఉంటుంది. చిత్రమేమిటంటే ఐరిష్ వాళ్ళకూ ప్రదక్షిణ ఉంది. పాత తీర్థాల్లాంటి పవిత్రమైన బావుల చుట్టూ సవ్యంగానే తిరుగుతారు, దాన్ని 'దెషల్' అంటారు. ఆ మాటలో ఉన్న 'దెస్' అంటే వాళ్ళ భాషలో కుడి, దక్షిణం కూడా. మన 'దక్షిణ' శబ్దమూ అదీ ఒకే వేరు నుంచి పుట్టినవి. తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేయి ఎటు ఉంటుందో చూసుకోండి, రెండు అర్థాలూ ఎందుకు కలిశాయో తెలుస్తుంది.

అయితే రింగ్‌ను కూడా సవ్యంగా తిరగవచ్చు కదా అంటారు. తిరగవచ్చు. ముందు కెన్‌మేర్, స్నీమ్ వైపు వెళితే సముద్రం ఎడమకు వస్తుంది. కానీ బస్సులన్నీ ఎదురొస్తాయి. సన్నటి మలుపులో యాభై సీట్ల బస్సు ఎదురైతే వెనక్కి జరగవలసింది మీరే. దీనికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. రాత్రి కెన్‌మేర్‌లో బస చేసి పొద్దున్నే బయలుదేరండి. బస్సులు రాకముందే వాటర్‌విల్ చేరి, అక్కడ పెద్ద రోడ్డు వదిలి బాలిన్‌స్కెలిగ్స్ వైపు తిరిగిపోండి. అది స్కెలిగ్ రింగ్. రోడ్డు ఇరుకు కాబట్టి పెద్ద బస్సులు అటు రావు. పోర్ట్‌మాగీలో టీ తాగి, వంతెన మీదుగా వాలెన్షియా ద్వీపం చుట్టి (1858లో అట్లాంటిక్ అడుగున వేసిన మొదటి తంతి తీగ ఈ ద్వీపం దగ్గరే ఒడ్డుకు చేరింది) మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కేసరికి బస్సుల వరుస మీ పక్క నుంచి వెళ్ళిపోయి ఉంటుంది. ఇలా తిరిగితే రింగ్ కూడా మంచిదే, నిజంగా మంచిదే. అలా తిరిగేవాళ్ళు తక్కువ, అంతే.

రింగ్ పక్షాన చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. పెద్ద రోడ్డు వదలనంత వరకు దారి డింగిల్ కొస కంటే వెడల్పు. ఐర్లాండ్ తొలి జాతీయ ఉద్యానం, 1932 నాటిది, కిల్లార్నీలో దారిలోనే ఉంది. లేడీస్ వ్యూ దగ్గర కింద సరస్సులు చూస్తూ నిలబడితే సముద్రం సంగతి కాసేపు మరిచిపోతాం. స్కెలిగ్ మైకేల్ రాతిదీవికి పడవలు ఎక్కువగా పోర్ట్‌మాగీ నుంచే ఉంటాయి. వేసవిలో మాత్రమే, అదీ అలలు ఒప్పుకుంటేనే పడవ బయలుదేరుతుంది, పైకి 600కు పైగా రాతిమెట్లు. మోకాళ్ళ నొప్పులవాళ్ళను తీసుకెళ్ళకండి. హోటళ్ళు కూడా కిల్లార్నీలోనే ఎక్కువ. డింగిల్‌లో జూలై, ఆగస్టు గదులు ఆఖరి నిమిషంలో దొరకవు.

ఇంకొకటి, ఇది నాన్న తరఫున. నాన్నకు ఎత్తులంటే భయం. స్లే హెడ్ మలుపు దగ్గర తెల్లటి సిలువ బొమ్మ ఉంటుంది, అక్కడ రోడ్డుకూ లోయకూ మధ్య నడుమెత్తు రాతిగోడ ఒక్కటే అడ్డం. నేను మెచ్చుకుంటున్న ఆ ఎడమవైపే ఆయనకు నరకమైంది. వెనక సీట్లో కుడివైపుకు జరిగిపోయి, కొండ మీది తేనెతుట్టె ఆకారపు రాతిగుడిసెలనే చూస్తూ కూర్చున్నారు. మీ కారులో అలాంటివాళ్ళుంటే రింగ్‌కే, అదీ బస్సుల వెనకే వెళ్ళండి. వాళ్ళకు కంచె అవతల సముద్రం చాలు.

ఆ మలుపుకు కొంచెం ముందు రోడ్డు మీద నుంచే ఒక కొండవాగు పారుతుంది. రాళ్ళు పరిచిన చప్టా, నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. అవతల ఒక ట్రాక్టరు ఆగి ఉంది. పెద్దాయన మమ్మల్ని రమ్మన్నట్టు తల ఊపాడు. మేం దాటి పక్కనుంచి వెళుతుంటే స్టీరింగ్ మీద నుంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపాడు. కెర్రీలో నమస్కారం అంటే అంతే. మీరూ వేలు లేపాలి, లేపకపోతే బాగుండదు. అమ్మ మాత్రం రెండు చేతులూ జోడించింది.

కారు విషయం. ఎంత చిన్న బండి తీసుకుంటే అంత సుఖం, డింగిల్‌కైతే మరీను. ఆటోమేటిక్ కావాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి, ధర కూడా ఎక్కువ. ఇండియా నుంచి చూడటానికి వచ్చినవాళ్ళు మన లైసెన్సు మీదే నడపవచ్చు, అయినా అంతర్జాతీయ పర్మిట్ వెంట ఉంటే అద్దె కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది. బీమాలో అద్దాలు, టైర్లు కలిశాయో లేదో చదువుకోండి. కంచె కొమ్మ ఎడమ అద్దం మీద గీసిన వేలెడు గీతకు నేను కట్టిన డబ్బుతో ఆ రాత్రి గది అద్దె వచ్చేది. 2025 ఫిబ్రవరి నుంచి పల్లె రోడ్ల పరిమితి గంటకు 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గింది. స్లే హెడ్ దారిలో 60 కూడా ఊహే, ముప్ఫై దాటితే ఎక్కువ. డింగిల్‌కు వెళ్ళే కొండదారి కానర్ పాస్ మీదుగా వెళ్ళాలనుకుంటే రెండు టన్నులు మించిన బండ్లకు అనుమతి లేదు కాబట్టి పెద్ద వ్యాను తీసుకున్నవాళ్ళు అటు ఆశపడకండి. డబ్లిన్ ఎం50 రోడ్డు మీద టోల్ గేటు ఉండదు, మర్నాడు రాత్రి ఎనిమిది లోపు మనమే గుర్తు పెట్టుకుని కట్టాలి.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే డింగిల్. రెండు రాత్రులు ఊళ్ళో ఉండి, మొదటిరోజు సాయంత్రమే స్లే హెడ్ దారి పట్టండి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది, ఆ వేళకు బస్సులుండవు. డన్‌క్విన్ రేవుకు దిగే మెలికల దారి మీద కారు దింపకండి, పైనే ఆపి నడవండి. ఎదురుగా బ్లాస్కెట్ దీవులు కనబడతాయి. 1953లో పెద్ద దీవిలో మిగిలిన కొద్దిమందినీ ప్రభుత్వం ఒడ్డుకు తరలించింది. ఇళ్ళ గోడలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి.

మిగతావి క్లుప్తంగా. బేరా ద్వీపకల్పం ఐవెరాకు దక్షిణాన ఉంది, జనం తక్కువ, హీలీ పాస్ మెలికలు బాగుంటాయి, మూడోసారి వచ్చినవాళ్ళకు. మోహెర్ కొండచరియలకు కారే అక్కర్లేదు, డబ్లిన్ నుంచి బస్సులున్నాయి. ఉత్తరాన జయంట్స్ కాజ్‌వే తీరం గొప్పదే, కానీ అది యూకే. సరిహద్దులో ఆపి అడిగేవాళ్ళు ఉండరని వీసా లేకుండా వెళ్ళకండి, ఇక్కడి నివాస కార్డు అక్కడ చెల్లదు.

డబ్లిన్ నుంచి ఒక్కరోజులో డింగిల్ వెళ్ళి రావచ్చా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. రానూ పోనూ తొమ్మిది గంటలు కారులోనే అయిపోతాయి. దానికంటే డార్ట్ లోకల్ రైలెక్కి దగ్గర్లోని హౌత్ వెళ్ళి, రేవు దగ్గర నుంచి తూర్పుగా మొదలుపెట్టి కొండ చుట్టూ నడవండి. అక్కడా సముద్రం ఎడమవైపే.