పసిపిల్లల పోషణ స్థితిని తెలుసుకోవడానికి ఏది మేలు: బరువా, ఎత్తా, జబ్బ చుట్టుకొలతా?

రెండేళ్లు నిండిన ఇద్దరు మగపిల్లలున్నారనుకుందాం. ఇద్దరి బరువూ 9.5 కిలోలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆ వయసు మగపిల్లల మధ్యస్థ బరువు 12.2 కిలోలు, తక్కువ బరువుకు హద్దు 9.7 కిలోలు. అందువల్ల వయసుకు తగ్గ బరువు ఉందా లేదా అన్న ఒక్క లెక్కే చూస్తే ఇద్దరినీ ఒకే గాటన కట్టవలసి వస్తుంది. ఎత్తు కూడా కొలిచినప్పుడు ఒకరిది 80 సెంటీమీటర్లు, మరొకరిది 88 సెంటీమీటర్లు అని తేలిందనుకోండి, ఇక ఇద్దరికీ పోలికే ఉండదు. మొదటి బిడ్డ వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారాడు గాని, ఉన్న ఎత్తుకు అతని బరువు సరిపోతుంది. రెండో బిడ్డ ఎత్తుకు ఏ లోటూ లేదు గాని, ఆ ఎత్తుకు ఆ బరువు ప్రాణాపాయం కలిగించేంత తక్కువ. మొదటివాడిది నెలల తరబడి, బహుశా తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ సాగుతూ వచ్చిన లోటు. రెండోవాడిది ఇటీవల తిండి తగ్గడం వల్లనో జబ్బు చేయడం వల్లనో వచ్చినది, ఆలస్యం చేయకుండా చికిత్స అందించవలసినది.

ఇంతటి తేడాను కప్పిపెట్టే కొలతే అయినా, వయసుకు తగ్గ బరువును పక్కన పెట్టేయడం సరికాదని నా అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డను నెలనెలా గమనించడానికి దానికంటే సులువైన మార్గం లేదు. పుట్టిన మొదటి రోజుల్లో కొంత తగ్గిన బరువు సాధారణంగా రెండు వారాల లోపు తిరిగి వస్తుంది, అయిదో నెల ప్రాంతంలో పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాదికి దాదాపు మూడు రెట్లు అవుతుంది. ఇక్కడ ఒక్కసారి తూచిన అంకె కంటే చార్టులో గీత సాగే తీరే ముఖ్యం. మధ్యస్థం కంటే కింద ఉన్నా తన దారిలో తాను నిలకడగా పైకి వెళ్తున్న బిడ్డ గురించి కంగారు పడనక్కరలేదు. మధ్యస్థంలో ఉండి కూడా రెండు మూడు నెలలుగా గీత అడ్డంగా సాగుతున్న బిడ్డను మాత్రం తప్పకుండా పరీక్షించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, ఎన్ని వారాల ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసివేసి చార్టు చూడాలి, లేకపోతే లేని లోటు ఉన్నట్టు కనిపిస్తుంది.

తీవ్రమైన పోషకాహార లోపాన్ని పట్టుకోవడంలో అసలు పోటీ ఎత్తుకు తగ్గ బరువుకూ, జబ్బ చుట్టుకొలతకూ మధ్యనే. మొదటిదానికి తూకం యంత్రం, ఎత్తు కొలిచే బల్ల, పట్టిక, చేయి తిరిగిన మనుషులు ఇద్దరు కావాలి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి, ఒకరు తలను బల్ల అంచుకు ఆనించి పట్టుకుంటే, మరొకరు మోకాళ్లు వంగకుండా అదిమి, అరికాళ్లకు కదిలే పలకను ఆనించి కొలవాలి. ఏడుస్తూ కాళ్లు ఝాడించే బిడ్డ విషయంలో రెండు సెంటీమీటర్ల పొరపాటు దొర్లడం కష్టమేమీ కాదు, ఆ పొరపాటే బిడ్డను ఒక వర్గం నుంచి మరో వర్గంలోకి నెట్టగలదు. పైగా నిలబెట్టి కొలిచిన ఎత్తు, పడుకోబెట్టి కొలిచిన పొడవు కంటే సగటున 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది కాబట్టి, ఎలా కొలిచారో కూడా రాసి పెట్టుకోవాలి.

జబ్బ చుట్టుకొలతకు ఒక టేపు చాలు. ఎడమ మోచేతిని వంచి, భుజం ఎముక కొనకూ మోచేతి కొనకూ సరిగ్గా నడుమ గుర్తు పెట్టి, చేతిని కిందికి వేలాడనిచ్చి, చర్మం నొక్కుకుపోకుండా, టేపు వదులుగానూ లేకుండా చుట్టాలి. 6 నుంచి 59 నెలల పిల్లల్లో 115 మిల్లీమీటర్ల కంటే తక్కువ వస్తే తీవ్రమైన లోపం, 115 నుంచి 125 లోపు వస్తే ఓ మోస్తరు లోపం. పట్టిక అవసరం లేదు, వయసు నెలలతో సహా తెలియకపోయినా ఫరవాలేదు, తల్లి ఇంటి దగ్గరే కొలవవచ్చు. మరణాపాయం ఎక్కువగా ఉన్న పిల్లలను గుర్తించడంలోనూ ఈ కొలత బాగా పనిచేస్తుంది. ఇంటింటికీ తిరిగి పిల్లలను వెతికే పనికి ఇదే మేలని నేను నిస్సందేహంగా చెబుతాను.

అయితే ఈ రెండు కొలతలూ ఎప్పుడూ ఒకే పిల్లలను చూపవు. టేపు ఎక్కువగా వయసులో చిన్నవాళ్లను, గిడసబారిన వాళ్లను పట్టుకుంటుంది. కాస్త పెద్దవాళ్లై, పొడుగ్గా ఉండి చిక్కిపోయిన పిల్లలు దానికి చిక్కకపోవచ్చు. అందుకే టేపులో బాగున్నట్టు కనిపించినంత మాత్రాన, ఎత్తుకు తగ్గ బరువు లేదని తేలిన బిడ్డను చికిత్స ఇవ్వకుండా తిప్పి పంపడం అన్యాయం. ఏ ఒక్కటి హద్దు దాటినా బిడ్డను చేర్చుకోవాలి.

వయసుకు తగ్గ ఎత్తు ఈ తక్షణ ప్రమాదాన్ని చెప్పదు, వారం వారం కొలిచినా ఉపయోగం తక్కువే. కానీ బరువు మీదే దృష్టి పెట్టి ఎత్తును వదిలేస్తే, పొట్టిగా ఉండి బొద్దుగా కనిపించే బిడ్డ లోటు ఎవరి కంటా పడదు. అలాంటి బిడ్డకు బరువు పెంచడమే లక్ష్యంగా తినిపిస్తే ఎత్తు పెరగకుండా కొవ్వు మాత్రమే చేరవచ్చు. కనీసం రెండు మూడు నెలలకొకసారైనా ఎత్తు కొలిచి గీత గీయాలని నేను గట్టిగా కోరుతాను.

ఏ కొలతను ఎంచుకున్నా, ముందు బిడ్డ రెండు పాదాల పైభాగాన్ని బొటనవేలితో మూడు సెకన్ల పాటు నొక్కి చూడాలి. రెండింటిలోనూ గుంట పడి అలాగే నిలిస్తే ఒంట్లో నీరు చేరిందన్నమాట. ఆ నీటి బరువును తూకం యంత్రం ఒంటి బరువుగానే లెక్కపెడుతుంది. అలాంటి వాపు పోషకాహార లోపం వల్ల వచ్చినదైతే, బరువూ ఎత్తూ టేపూ ఏం చెప్పినా దాన్ని తీవ్రమైన లోపంగానే పరిగణించి, బిడ్డను వెంటనే వైద్యుడి దగ్గరికి చేర్చాలి.